స్మార్ట్ మీటరు ఓనరుకు, బిల్లు కిరాయిదారుకు

సంపాదకులకు నమస్కారం.

రీడింగ్‌ను తానే కరెంటు ఆఫీసుకు పంపే స్మార్ట్ మీటర్ల గురించి ఈ మధ్య ఎవరిని కదిలించినా ఏదో ఒకటి చెబుతున్నారు. బిల్లు రెండింతలవుతుందని కొందరు భయపెడుతుంటే, సగానికి తగ్గుతుందని ఇంకొందరు ఆశ పెడుతున్నారు. ఇలా చెప్పేవాళ్లంతా సొంతింటివాళ్లేమో అని నా అనుమానం. ఎందుకంటే ఈ ఊళ్లో కిరాయికి ఉండే చాలామందికి మీటరు తమ పేరు మీద ఉండదు, బిల్లు కాగితం తమ చేతికి రాదు. డబ్బులు మాత్రం తామే కట్టాలి.

మేం హైదరాబాద్‌లోని చింతల్‌లో ఉంటాం. మా ఆయన జీడిమెట్లలో ఒక ఫ్యాక్టరీలో పని చేస్తారు. నేను ఒక హోల్‌సేల్ కిరాణా దుకాణంలో లెక్కలు రాస్తాను. మా ఇంట్లో కింద ఓనరు వాళ్లుంటారు, పైన మూడు పోర్షన్లు. ఇల్లు మొత్తానికి కరెంటు ఆఫీసు మీటరు ఒక్కటే. మెట్ల కింద దాని పక్కనే ఓనరు పెట్టించిన సబ్ మీటర్లు మూడు ఉంటాయి. నెలాఖరున ఆయన టార్చి పట్టుకుని వంగి అంకెలు చూసి నోట్‌బుక్‌లో రాసుకుంటారు. యూనిట్‌కు 8 రూపాయల చొప్పున కిరాయితో కలిపి ఇచ్చేయాలి. మా వీధిలో 10 తీసుకునేవాళ్లూ ఉన్నారు కాబట్టి 8 అంటే మంచివాడే అంటారు.

నిజంగానే మంచివాడు. లెక్క వేసి చూశాకే ఈ మాట అంటున్నాను. మన తెలంగాణలో 2022లో పెరిగిన ఇళ్ల కరెంటు రేట్ల ప్రకారం, నెలకు 100 యూనిట్ల లోపు కాలిస్తే మొదటి 50 యూనిట్లకు 1.95 రూపాయలు, తర్వాతి 50కి 3.10. వంద దాటి 200 లోపు ఉంటే మొదటి వందకు 3.40, రెండో వందకు 4.80. 200 దాటిందంటే మొదటి 200 యూనిట్లకూ 5.10 పడుతుంది. ఆపైన 300 దాకా 7.70, 400 దాకా 9 రూపాయలు, 800 దాకా 9.50. ఫిక్స్‌డ్ చార్జీలు, కస్టమర్ చార్జీలు, సుంకం వేరే.

ఇప్పుడు పై మూడు పోర్షన్లలో తలా 90 యూనిట్లు, కింద ఏసీ ఉన్న ఓనరు ఇంట్లో 200 యూనిట్లు కాలాయనుకోండి. మొత్తం 470. ఒకే మీటరు మీద దీనికి 3,355 రూపాయలవుతుంది, అంటే యూనిట్ సగటున 7 రూపాయల పైమాటే. చార్జీలు, బోరు మోటారు కలుపుకుంటే ఆయన తీసుకునే 8లో మిగిలేది పెద్దగా ఏమీ లేదు. అదే నాలుగు ఇళ్లకూ నాలుగు సర్వీసులు, అంటే వేరువేరు కనెక్షన్లు, ఉంటే? 90 యూనిట్ల పోర్షన్‌కు 221 రూపాయల 50 పైసలు, మూడింటికీ కలిపి 664.50. ఓనరుకు 820. అంతా కలిపి 1,484.50. అంటే మీటరు ఒక్కటే ఉన్న పాపానికి మా నాలుగిళ్లూ కలిసి నెలనెలా 1,870 రూపాయలు ఎక్కువ కడుతున్నాయి. ఓనరు జేబులోకీ పోవడం లేదు ఆ డబ్బు. 221 రూపాయల కరెంటుకు మేం 720 కడుతున్నాం, ఆయనా తన వంతు కడుతున్నాడు. ఇందులో ఎవరూ ఎవరినీ మోసం చేయలేదు, వాడకం పెరిగేకొద్దీ రేటు పెరిగే శ్లాబు లెక్క అట్లా ఉంది.

2024 మార్చి నుంచి గృహజ్యోతి వచ్చింది. రేషన్ కార్డు ఉన్నవాళ్లకు నెలకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు. కిరాయిదారులకూ ఇస్తామన్నారు, సంతోషం. మా పక్క పోర్షన్ వాళ్లకు కార్డు ఉంది. ఆవిడ కుట్టు మిషన్ తొక్కుకుని బతుకుతుంది. ఇంట్లో రెండు బల్బులు, రెండు ఫ్యాన్లు, ఒక ఫ్రిజ్. నెలకు వంద యూనిట్లు దాటదు. కానీ 470 కాలే సర్వీసుకు జీరో బిల్లు ఎక్కడి నుంచి వస్తుంది? ఆ పథకం ఎవరికోసం పెట్టారో ఆవిడే 700 రూపాయలు కడుతోంది.

స్మార్ట్ మీటరు మాట ఎత్తే ముందు ఇదంతా ఎందుకు చెప్పానంటే, మీటరు మారినంత మాత్రాన ఈ లెక్కలో ఒక్క పైసా మారదు. పాత డిజిటల్ మీటరు యూనిట్లను ఎట్లా లెక్కిస్తుందో స్మార్ట్ మీటరూ అట్లాగే లెక్కిస్తుంది. తేడా ఏమిటంటే అది అరగంటకోసారో పావుగంటకోసారో ఎంత కాలిందో గుర్తుపెట్టుకుని, ఆ లెక్కను సిమ్ ద్వారానో రేడియో ద్వారానో ఆఫీసుకు పంపుతుంది. అక్కడి నుంచే కనెక్షన్ తీయొచ్చు, ఇవ్వొచ్చు. మన ఊరికి ఇది మరీ కొత్తేమీ కాదు. జీడిమెట్ల పారిశ్రామికవాడలో స్మార్ట్ గ్రిడ్ పైలట్ ప్రాజెక్టు కింద ఇలాంటి మీటర్లు ఏనాడో పెట్టారు.

లాభం లేదని నేను అనను. 2020 లాక్‌డౌన్ గుర్తుందా? రీడింగ్ తీసేవాళ్లు రాక, అంతకుముందు ఏడాది లెక్క ప్రకారం బిల్లులిచ్చి, జూన్‌లో ఒకేసారి రీడింగ్ తీసేసరికి ఊరంతా గగ్గోలు పెట్టింది. మీటరు తన రీడింగ్ తానే పంపితే ఆ గొడవ ఉండదు. కానీ అంతకంటే పెద్ద లాభం ఒకటుంది. అది మాకు మెట్ల కింద తెలిసింది.

సబ్ మీటరు మీద చిన్న ఎర్ర లైటు ఒకటి మిణుకుమిణుకుమంటుంది. చాలామంది అది కరెంటు ఉందని చెప్పే లైటనుకుంటారు. మీటరు పలక మీద చిన్న అక్షరాల్లో 3200 అని ఉంటుంది (కొన్నింటి మీద 1600 ఉంటుంది). ఆ లైటు అన్నిసార్లు కొట్టుకుంటే ఒక యూనిట్ అయినట్టు. 3200 ఉన్న మీటరు మీద నిమిషానికి 16 సార్లు కొట్టుకుంటే ఆ క్షణాన 300 వాట్లు నడుస్తున్నాయని అర్థం. ఒక రాత్రి మా పోర్షన్ మెయిన్ దించేసి, పిల్లవాడి చేతికి టార్చి ఇచ్చి కిందికి వెళ్లాను. ఇంట్లో ఫ్రిజ్ సహా అన్నీ బందు. లైటు ఆగాలి కదా. నిమిషానికి మూడుసార్లు తీరిగ్గా కొట్టుకుంటూనే ఉంది.

తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను పిలిపిస్తే పావుగంటలో తేల్చాడు. మెట్ల దగ్గరి ట్యూబ్‌లైటు, గేటు మీది సీసీ కెమెరా, దాని డబ్బా, అన్నీ మా లైను మీదే ఉన్నాయి. కెమెరా పెట్టిన కుర్రాడు దగ్గర్లో ఏ వైరు కనిపిస్తే దానికి కలిపేసి పోయాడు. అన్నీ కలిపి 60 వాట్లు. కెమెరా రోజంతా, ట్యూబ్‌లైటు రాత్రంతా. నెలకు దగ్గర దగ్గర 29 యూనిట్లు, 230 రూపాయలు. ఓనరుకూ ఈ సంగతి తెలియదు. చెబితే ఆ రోజే మార్పించారు. పాత లెక్క సంగతి ఆయనా ఎత్తలేదు, మేమూ అడగలేదు. కిరాయి పెంచే నెల దగ్గర్లో ఉంది మరి.

స్మార్ట్ మీటరు అసలు పని ఇదే. రాత్రి రెండు గంటలకు, అందరూ పడుకున్నాక, ఎంత కరెంటు నడుస్తోందో కళ్లముందు పెట్టడం. అది తెలిస్తే ఏ ఇంట్లోనైనా ఏదో ఒక దొంగ దొరుకుతుంది. మరిచిపోయిన గీజరు, రబ్బరు వదులైన ఫ్రిజ్ తలుపు, పైపు లీకై మాటిమాటికీ మొదలయ్యే మోటారు. కానీ ఆ లెక్క ఎవరి ఫోన్‌కు వస్తుంది? సర్వీసు ఎవరి పేరు మీద ఉంటే వాళ్లకు. మా ఇంటి విషయంలో ఓనరుకు. అదీ నాలుగిళ్ల కరెంటు కలిపి ఒక గీత. అందులో నా ఫ్రిజ్ ఏదో, ఆయన ఏసీ ఏదో విడదీయడం ఎవరి వల్లా కాదు.

ఇక ప్రీపెయిడ్ సంగతి. దేశమంతా 25 కోట్ల ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్లు పెట్టించాలని కేంద్రం 2021లో మొదలుపెట్టిన పథకం లక్ష్యం. ముందుగా రీచార్జి చేసుకుని వాడుకోవడం వినడానికి బాగానే ఉంటుంది. మన శ్లాబులతో కలిపి చూడండి. 200 యూనిట్ల దాకా కరెంటు చార్జీ 820 రూపాయలు. 201వ యూనిట్ కాలగానే మొదటి 200 యూనిట్ల రేటు కూడా మారి, మొత్తం 1,027 రూపాయల 70 పైసలవుతుంది. ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయల 70 పైసలన్నమాట. ఇప్పుడైతే ఈ దెబ్బ నెల చివర బిల్లులో కలిసిపోతుంది, మనకు కనిపించదు. ప్రీపెయిడ్‌లో ఏ రోజుకా రోజు డబ్బు కోస్తారు. అంటే 25వ తారీఖునో ఎప్పుడో, అర్ధరాత్రి ఫ్రిజ్ కంప్రెసర్ మొదలవగానే ఖాతాలోంచి 200 రూపాయలు ఒక్కసారిగా మాయం. వంద దాటినప్పుడూ ఇదే కథ, అక్కడ ఒక్క యూనిట్ 92 రూపాయల 30 పైసలు. ఇక గృహజ్యోతి ఇంటి సంగతి చెప్పనే అక్కర్లేదు. 200 దాకా సున్నా, 201కి వెయ్యి దాటిన బాకీ. వాళ్లు రీచార్జి చేసి ఉండరు, ఎందుకు చేస్తారు? ఆ రాత్రి కరెంటు ఉంటుందా, పోతుందా?

బిల్లు కట్టకపోయినా 15 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వకుండా కనెక్షన్ తీయకూడదని 2003 విద్యుత్ చట్టం 56వ సెక్షన్‌లో ఉంది. ప్రీపెయిడ్‌లో బ్యాలెన్స్ అయిపోతే ఆ 15 రోజులు ఏమైనట్టు? మాలాంటి ఇళ్లలో ఇంకో తిరకాసు ఉంది. రీచార్జి ఎవరు చేయాలి? ఓనరు వాళ్లు పెళ్లికి ఊరెళ్తే, వెళ్తూ వెళ్తూ కింద ఏసీ ఆపడం మరిచిపోతే, పైన మూడు కుటుంబాలు చీకట్లో కూర్చోవాలి. మేం తలా ఇంత వేసుకుని రీచార్జి చేద్దామన్నా సర్వీసు నంబరు ఆయన కాగితాల్లో ఉంటుంది. చట్టంలో మనకు అనుకూలమైన ముక్క ఒకటుంది. 47వ సెక్షన్ ప్రకారం ప్రీపెయిడ్ మీటరుకు ఒప్పుకున్నవాళ్ల దగ్గర సెక్యూరిటీ డిపాజిట్ అడగకూడదు. మరి ఏళ్ల తరబడి ఏసీడీ (అదనపు వాడకం డిపాజిట్) పేరుతో కట్టించుకున్నది వెనక్కి ఇచ్చే మాట కూడా ప్రీపెయిడ్ మాటతో పాటే వినిపించాలి.

మీటరు ఉరుకుతుందన్న పుకారు గురించి రెండు మాటలు. 2024 మేలో గుజరాత్‌లోని వడోదరలో జనం ఈ విషయం మీదే రోడ్డెక్కారు. ఎవరి అనుమానం నిజమో వాట్సాప్‌లో తేలదు. తేల్చే దారి నిబంధనల్లోనే ఉంది. 2024 ఫిబ్రవరిలో కేంద్రం సవరించిన వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం, రీడింగ్ మీద ఫిర్యాదు చేస్తే అయిదు రోజుల్లో పక్కన ఇంకో మీటరు పెట్టి, కనీసం మూడు నెలలు రెండింటినీ పోల్చి చూడాలి. కొత్త మీటరు ఎక్కువ లోడ్ చూపించిందని అది పెట్టక ముందు కాలానికి జరిమానా వేయకూడదని 2023 సవరణలోనే ఉంది. ఈ రెండు సంగతులూ మీటరు బిగించడానికి వచ్చినవాళ్లే ఒక కాగితం మీద తెలుగులో, ఉర్దూలో రాసి ఇస్తే సగం టెన్షన్ అక్కడే పోతుంది.

పొదుపు సంగతికొస్తే, మీటరును చూసుకోవడం అలవాటయ్యాక మాకు పనికొచ్చినవి కొన్నే. మామూలు ఫ్యాను 75 వాట్లు తాగుతుంది, తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాను 30. రోజుకు 14 గంటలు తిరిగితే నెలకు 19 యూనిట్ల తేడా, మా రేటుకు 150 రూపాయలు. ఫ్యాను మన సొంతం, ఇల్లు మారేటప్పుడు విప్పుకుని పోవచ్చు. అందుకే కిరాయిదారులు పెట్టగలిగిన ఖర్చుల్లో నాకు ఇదే నచ్చింది. టీవీ ఆపినా సెట్‌టాప్ బాక్సు పది వాట్ల దాకా లాగుతూనే ఉంటుంది, నెలకు 7 యూనిట్లు. గోడ మీది స్విచ్చి కట్టేస్తే పోయింది. రెండు కిలోవాట్ల గీజరు అరగంట నడిస్తే ఒక యూనిట్. ఎండాకాలం మాకు కూలరే. రాత్రి ఎనిమిది గంటలు నడిపినా నెలకు 45 యూనిట్ల లోపే. ఒకటిన్నర టన్నుల ఏసీ అన్నే గంటలు నడిస్తే ఒక్క దానితోనే 200 దాటొచ్చు. ఏసీ ఉన్నవాళ్లు 24 దగ్గర పెట్టుకుని ఫ్యాను వేసుకుంటే మేలు. ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు ఆరు శాతం ఆదా అని కరెంటు పొదుపు చూసే కేంద్ర సంస్థ బీఈఈ వాళ్లే చెబుతారు. ఇస్త్రీ వారానికోసారి ఒక్క వేడి మీద చేసేయమంటారు. మా ఇంట్లో అది కుదరలేదు, స్కూలు యూనిఫాం ఏ రోజుకా రోజే గుర్తొస్తుంది.

2023 జూన్ నిబంధనల్లోనే ఇంకోటుంది. స్మార్ట్ మీటరు ఉన్న ఇళ్లకు పగలు సోలార్ కరెంటు వచ్చే ఎనిమిది గంటలు కనీసం 20 శాతం తక్కువ రేటు, జనం ఎక్కువగా వాడే పీక్ వేళల్లో కనీసం 10 శాతం ఎక్కువ రేటు. మిక్సీ, వాషింగ్ మిషన్, బోరు మోటారు మధ్యాహ్నానికి జరపొచ్చు. కానీ పగలంతా తాళం వేసి ఉండే ఇంటికి ఆ చౌక రేటుతో ఏం పని? మా ఆయన షిఫ్టు దిగి వచ్చేది, నేను దుకాణం నుంచి వచ్చేది, పిల్లలు చదువుకునేది పొద్దుగూకాకే. ఆ వేళ రేటు పెంచితే ఉద్యోగాలకు పోయే ఇళ్ల మీదే పడుతుంది. కరెంటు రేట్లు ఖరారు చేసే ఈఆర్‌సీ వాళ్లు ఇళ్లకు ఇలాంటి రేటు పెట్టే ముందు చింతల్, గాజులరామారం, షాపూర్‌నగర్ లాంటి బస్తీల్లో బహిరంగ విచారణ పెడితే ఈ మాట చెప్పడానికి చాలామందే వస్తారు.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. ఒక సర్వీసుకు ఓనరు ఫోన్‌తో పాటు ఆ ఇంట్లో ఉండేవాళ్ల నంబర్లు కూడా చేర్చుకునే వీలు ఉండాలి. నెలలో 80, 180 యూనిట్లు దాటగానే తెలుగులో మెసేజ్ రావాలి. శ్లాబు దాటిన రోజున కోసిన డబ్బు ఎందుకు కోశారో వివరంగా కనిపించాలి. ప్రీపెయిడ్ కావాలన్నవాళ్లకే ఇవ్వాలి. బ్యాలెన్స్ అయిపోయినా రాత్రిపూట, సెలవు రోజున కరెంటు తీయకూడదు. వీటన్నిటికంటే ముందు, స్మార్ట్ మీటర్లు బిగించడానికి ఎలాగూ ఇంటింటికీ వస్తారు కాబట్టి, వంటగది వేరుగా ఉన్న ప్రతి పోర్షన్‌కూ వేరే సర్వీసు అప్పుడే ఇచ్చేయాలి. పక్క పోర్షన్ ఆవిడకు జీరో బిల్లు రావడానికి అంతకంటే దగ్గరి దారి నాకు కనిపించలేదు.

మీ పత్రిక మా ఇంటికి ఓనరు చందాతోనే వస్తుంది. పొద్దున ఆయన చదివాక పైకి పంపుతారు. వేరే సర్వీసు కోసం దరఖాస్తు నింపి పెట్టాను, నాలుగిళ్ల లెక్క వేసిన కాగితం దానికే పిన్ను కొట్టి ఉంది. ఆయన సంతకం ఒక్కటే బాకీ.

ఇట్లు,
ఒక కిరాయిదారు,
చింతల్, హైదరాబాద్